రెండు కాలేజీల పిల్ల

హాస్టల్, మేడ మీది గది

పిన్నికి,

ఉత్తరం ఇంటికి కాకుండా నీ కుట్టు షాపుకి వచ్చిందని కంగారు పడకు. చెడ్డ కబురేం లేదు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ స్పీకర్ పెట్టేస్తుంది, నాన్న వెనక నుంచి "తిన్నదో లేదో అడుగు" అంటాడు, నేను "ఆ, తిన్నా" అంటాను, అంతటితో మాటలు అయిపోతాయి. నాకు నీతో ఒక్కదానితోనే మాట్లాడాలని ఉంది.

కొత్త కాలేజీ తెగ నచ్చింది. కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళకి కృత్రిమ అవయవాలు చేయడం నేర్పే కోర్సు అనగానే అమ్మ మొహం ఎలా పెట్టిందో నువ్వు చూశావు కదా. ఇక్కడికొచ్చి చూస్తే భయపడాల్సిందేం లేదు, అచ్చం నీ షాపులాగే ఉంది. కొలతలు, అచ్చులు, కత్తిరింపులు, "ఇక్కడ బిగుతుగా ఉందా, అక్కడ వదులుగా ఉందా" అని అడగడాలు. మొదటి వారమే నా పక్క బల్ల అమ్మాయి కాలికి ప్లాస్టర్ పెట్టి అచ్చు తీశాను. అచ్చుతోపాటు కాలి వెంట్రుకలు కూడా వచ్చేశాయి. పాపం ఏడవలేదు గానీ ఒక పూటంతా నాతో మాట్లాడలేదు. పాత కాలేజీలో ఆరు నెలలు పద్దులు ముందేసుకుని ఆవలించాను, ఇక్కడ భోజనం గంట కొట్టినా లేవబుద్ధి కావడం లేదు.

ఎవరో మధ్యలో వెళ్ళిపోతే ఖాళీ అయిన సీటు ఇది. అందుకని ఇప్పటికి తాత్కాలికంగా చేర్చుకున్నారు. స్కాలర్‌షిప్పు పాత కాలేజీ నుంచి ఇక్కడికి మారాలి. అది దారిలో ఉంది.

నీ సంగతి రాయి. నాటక కంపెనీవాళ్ళు దుస్తుల గది మొత్తం నీకు అప్పగిస్తామన్నారు కదా, షాపు పెద్దాయనకి చెప్పావా?

నీ
ఉడత


కుట్టు షాపు, కిటికీ పక్క మిషను

మా ఉడతకి,

నీ కవరు చూసి పెద్దాయన "ఏమ్మా, కోర్టు నోటీసా" అని అడిగాడు. మా అక్క కూతురు రాసిందంటే నమ్మడానికి కాసేపు పట్టింది. ఆ వెంట్రుకల అమ్మాయికి ఒక మంచి టీ ఇప్పించు, పక్క బల్లవాళ్ళతో పేచీ మంచిది కాదు.

"దారిలో ఉంది" అన్నావే, అక్కడే నాకు అనుమానం తగిలింది. ఇంటికి రంగులు వేయించడం కూడా మీ నాన్న దృష్టిలో ఎన్నేళ్ళుగానో దారిలోనే ఉంది. ఎంతదాకా వచ్చింది, ఎవరి దగ్గర ఆగింది, సూటిగా రాయి. ఆ స్కాలర్‌షిప్పు లేకపోతే ఆ సీటు మనకి అందదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. మీ అమ్మా నాన్నా ఎంత ఓవర్‌టైం చేసినా అది తీరే ఫీజు కాదు.

పాత కాలేజీలో ఆ స్కాలర్‌షిప్పుల మేడమ్ ఏమంది? అదే, ముక్కు మీద ఒక కళ్ళజోడు, నెత్తి మీద ఒక కళ్ళజోడు పెట్టుకుని మూడోది వెతుక్కుంటుందన్నావే, ఆవిడ. నీకు మొదటి విడత ఇప్పించడానికి ప్రిన్సిపాల్‌తోనే పోట్లాడిన మనిషి. ఆవిడకి చెప్పే వెళ్ళావు కదా?

ఇక నా సంగతి. నిన్న పెద్దాయనకి చెప్పేద్దామని గట్టిగా అనుకుని వెళ్ళాను. నన్ను చూడగానే "కళ్ళు మూసుకో" అన్నాడు. మూసుకున్నాను. తెరిచేసరికి ఎదురుగా ఆఫీసుల్లో ఉండేలాంటి చక్రాల కుర్చీ, వీపుకి మెత్త కూడా ఉంది. నా నడుం నొప్పి చూడలేక కొన్నాడట. ఆ కుర్చీలో కూర్చుని, మానేస్తానని ఎలా చెప్పను? రేపు చెప్తాను.

మీ
పిన్ని


హాస్టల్, తలుపు గడియ పెట్టుకుని

పిన్నికి,

నీ దగ్గర అబద్ధం ఆడలేను, ఆడినా నిలబడదు. ఆవిడకి చెప్పలేదు.

వెళ్ళడం మాత్రం వెళ్ళాను. గది తలుపు తోసి "మేడమ్, ఒక మాట చెప్పాలి" అన్నాను. "ఉండు, ముందు నా మాట విను" అని, నా రెండో విడత సాధించానని, పైగా కాలేజీ సొంత నిధి నుంచి కూడా కొంత కలిపించానని చెప్పింది. చెప్తుంటే ఆవిడ మొహం వెలిగిపోతోంది. బిస్కెట్ల డబ్బా తీసి నా ముందు పెట్టింది. ఏం చెయ్యను, తిన్నాను. "ఏదో చెప్పాలన్నావు" అంటే "ఇంటికి వెళ్ళొస్తానని చెప్దామని" అన్నాను. "క్షేమంగా వెళ్ళిరా" అంది. అలా వచ్చినదాన్ని ఇక్కడ తేలాను. మార్కుల జాబితాలు చూపించి చేరాను, మిగతా కాగితాలు తర్వాత తెస్తానన్నాను.

ఇవాళ ఇక్కడ ఫీజుల కౌంటర్ ఆయన పిలిచాడు. మనిషి మంచివాడే, గొంతు మాత్రం ఆస్పత్రికి పలకరింపుకి వచ్చినవాళ్ళలా ఉంటుంది. స్కాలర్‌షిప్పు బోర్డు ఇచ్చే డబ్బు పిల్లలు ఎక్కడ చదివితే అక్కడికే వస్తుందట. కానీ ఒక పిల్ల ఒకేసారి రెండు చోట్ల చదవదు కదా. బోర్డు లెక్కలో నేను ఇంకా పాత కాలేజీలోనే ఉన్నాను. వాళ్ళు నా పేరు తీసేసి, రెండో విడత వెనక్కి పంపితే తప్ప ఇక్కడివాళ్ళు దాన్ని అడగడానికి లేదు. నెలాఖరులోగా అది జరగకపోతే సీటు, వెయిటింగ్‌లో ఉన్న అబ్బాయికి వెళ్ళిపోతుంది.

పాత కాలేజీ సొంత నిధి నుంచి ఇచ్చినది ఎలాగూ నాతో రాదు. దాని బదులు ఇక్కడేమైనా దొరుకుతుందా అని అడిగితే, "ముందు ఆ పేరు సంగతి తేల్చుకురా తల్లీ, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.

అంటే నేను ఒక్క వాక్యం చెప్పాలి. "మేడమ్, నేను వెళ్ళిపోతున్నాను." అద్దం ముందు బాగానే వస్తోంది. ఆవిడని తలుచుకుంటే "మేడమ్" దగ్గరే ఆగిపోతోంది. ఉత్తరం రాసి పడేద్దామా అంటే, అంత చేసిన మనిషికి మొహం చాటేసి కాగితం పంపడమా అనిపిస్తోంది. నాకు భయంగా ఉంది పిన్నీ. ఈ సీటు పోతే మళ్ళీ ఆ పద్దుల దగ్గరికి వెళ్ళి కూర్చోవడం నావల్ల కాదు.

అమ్మకి చెప్పకు.

ఉడత


నాటక కంపెనీ, దుస్తుల గది

మా ఉడతకి,

పైన చిరునామా చూశావా? చేరిపోయాను.

మొహమాటం మన ఇంటి జబ్బే. మీ అమ్మమ్మ ఒకసారి ఫోటో స్టూడియోకి వెళ్తే, అక్కడ ఎవరో పెద్ద కుటుంబం దిగుతూ ఈవిడని కూడా తమ చుట్టమే అనుకుని లాగి మధ్యలో నిలబెట్టారు. నేను మీ మనిషిని కాదని చెప్పడానికి మొహమాటపడి నవ్వుతూ నిలబడింది. ఏ ఇంటి గోడ మీదో ఇప్పటికీ నవ్వుతూ ఉండే ఉంటుంది. నువ్వు అలా మిగలకు.

నన్ను చూసి నేర్చుకో. మొన్న పెద్దాయన ముందు నిటారుగా నిలబడి, "అయ్యా, మీ మంచి ఎప్పటికీ మర్చిపోను, కానీ రేపటి నుంచి రాను" అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు, నేను తుడుచుకున్నాను, అయిపోయింది. ఇంతకాలం దీనికా భయపడ్డానని నవ్వొచ్చింది. ఇప్పుడు నా చుట్టూ రాజులూ మంత్రులూ సేనాపతులూ హ్యాంగర్లకి వేలాడుతున్నారు. ఒక్కరూ నా మాటకి ఎదురు చెప్పరు.

నువ్వూ బస్సెక్కి వెళ్ళు. కూర్చోమంటే కూర్చోకు, బిస్కెట్ పెడితే ముట్టుకోకు. నిలబడే చెప్పు. నీ మంచి కోరే మనిషి, నీకు మంచి జరుగుతుంటే ఎందుకు కాదంటుంది?

ఉత్తరాలు మాత్రం షాపుకే రాయి. పోస్ట్‌మాన్‌కి ఆ దారి అలవాటు. నేను అటు వెళ్ళినప్పుడు తెచ్చుకుంటాను.

పిన్ని


బస్టాండు, టీ కొట్టు బల్ల మీద

పిన్నికి,

వెళ్ళాను. బస్సులో దారి పొడుగునా నీ మాటలే వల్లించుకున్నాను. "మీ మంచి ఎప్పటికీ మర్చిపోను, కానీ" దాకా బాగా వచ్చింది.

మేడమ్ తన గదిలో లేదు, వరండాలోనే ఎదురుపడింది. "వచ్చేశావా, ఇంట్లో అందరూ బాగున్నారా, చిక్కిపోయావేం" అని గబగబా అడిగేసి, "పద, క్లాసు మొదలైపోయింది, ఆలస్యంగా వెళ్తే ఆ లెక్చరర్ ఊరుకోడు, నేను చెప్తాలే" అంటూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి క్లాసులో కూర్చోబెట్టింది. కూర్చున్నాను పిన్నీ. గంటసేపు తరుగుదల లెక్కలు విన్నాను. పక్కవాళ్ళ పెన్ను అడిగి నోట్సు కూడా రాసుకున్నాను. బయటికొచ్చేసరికి మేడమ్ ఏదో మీటింగుకి వెళ్ళిపోయింది.

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నీతో మాట్లాడదామని ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలేదు. నాటక కంపెనీ నంబరు పెద్దాయనకి తెలుస్తుందేమోనని షాపుకి చేశాను.

"మీ పిన్నా? లోపల కాలర్లు కుడుతోందమ్మా, పిలవమంటావా?" అన్నాడు.

వద్దండీ అని పెట్టేశాను. రాజులూ మంత్రులూ నీ మాటకి ఎదురు చెప్పరని రాశావు. ఆ కాలర్లు ఏ రాజుగారివో తీరిగ్గా రాయి.

ఉడత


కుట్టు షాపు, అవును, కుట్టు షాపే

మా ఉడతకి,

దొరికిపోయాను. నవ్వుకో, కడుపారా నవ్వుకో.

నాటక కంపెనీలో చేరిన మాట నిజం. పెద్దాయనకి చెప్పిన మాట అబద్ధం. పగలంతా ఇక్కడ, సాయంత్రం నుంచి అక్కడ. అక్కడివాళ్ళతో షాపు మానేశానని చెప్పాను, ఇక్కడ పెద్దాయనతో మా అక్కకి ఒంట్లో బాగోలేదని, అందుకే తొందరగా వెళ్తున్నానని చెప్పాను. మీ అమ్మ గుండ్రాయిలా ఉంది. నిన్న కూరగాయల బజారులో ఆయనకి ఎదురుపడితే, పాపం ఆయన "జాగ్రత్తమ్మా, బరువులు మొయ్యకు" అని ఆవిడ సంచీ లాక్కున్నాడట. ఇంటికొచ్చి, మీ పెద్దాయనకి మతి తప్పిందా అని నన్ను అడిగింది.

అసలు కొంప మునిగింది వేరే. ఆస్పత్రి యూనిఫారాలకి "అత్యవసర విభాగం" అని రాసిన పట్టీలు కుట్టాలి. నిద్ర కళ్ళతో ఆ పట్టీల సంచీ అటు పట్టుకుపోయి, ఒకటి రాజుగారి అంగీకి కుట్టేసినట్టున్నాను. రిహార్సల్లో రాజుగారు ఠీవిగా సింహాసనం మెట్లెక్కుతుంటే వీపు మీద అత్యవసర విభాగం. సేనాపతి వేషగాడు నవ్వు ఆపుకోలేక కత్తి జారవిడుచుకున్నాడు. డైరెక్టరు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఇంకోసారి ఇలాంటిది జరిగితే ఆ గది నాకు ఉండదు.

నీకు నీతులు చెప్పి నేను చేస్తున్నది నీకంటే ఘోరం. నువ్వు రెండు కాలేజీల పిల్లవి, నేను రెండు ఉద్యోగాల దాన్ని. ఎక్కడా సరిగ్గా లేము. ఇక ఇలా కుదరదు. గురువారం నువ్వు ఆవిడకి చెప్పు, అదే గురువారం నేను ఈయనకి చెప్తాను. ఒకళ్ళు చేసి ఇంకొకళ్ళు చెయ్యకపోతే జీవితాంతం దెప్పుకునే హక్కు ఉంటుంది.

పిన్ని


పాత కాలేజీ, మెట్ల మీద

పిన్నికి,

చెప్పేశాను.

తలుపు తోసి, కూర్చోకుండా, "మేడమ్, నేను ఈ కాలేజీ నుంచి వెళ్ళిపోయాను" అన్నాను. వెళ్ళిపోతున్నాను అని కాదు, వెళ్ళిపోయాను అని. ఎప్పటి నుంచి అని అడిగింది. చెప్పాను. మొన్న క్లాసులో కూర్చున్నావు కదా అంది. అదీ చెప్పాను.

ముక్కు మీది కళ్ళజోడు తీసింది. తర్వాత నెత్తి మీదిదీ తీసి బల్ల మీద పెట్టింది. ఆ కళ్ళతో నేను ఆవిడకి కనిపిస్తున్నానో లేదో కూడా తెలియదు. "ఎందుకు చెప్పలేదు" అంది. "మీరు బాధపడతారని" అన్నాను.

"నేను బాధపడితే సాయంత్రం ఇంటికెళ్ళి టీ తాగితే పోతుంది. నువ్వు చెప్పనందువల్ల ఏమైందో తెలుసా? బయట బెంచీ మీద ఒక పిల్ల కూర్చుని ఉంది, చూశావా? కాలేజీ నిధి ఖాళీ అయిపోయిందని, ఎవరైనా వెళ్తే ఇస్తానని చెప్పి తిప్పుతున్నాను. ఈ వారం ఫీజు కట్టకపోతే ఆ పిల్ల మానేస్తుంది. నువ్వు వెళ్ళిపోయి కూడా దాని వాటా మీద కూర్చున్నావు" అంది.

పిన్నీ, తిట్టి ఉంటే బాగుండేది. నేను ఇన్నాళ్ళూ మంచిదాన్ననుకుంటున్నాను. ఎవరి మనసూ నొప్పించకూడదనే కదా నోరు మూసుకున్నాను అనుకుంటున్నాను. నా మొహమాటం ఖరీదు నేనే కడుతున్నాననుకున్నాను గానీ, ఇంకో పిల్ల కడుతోందని నాకు తట్టనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆ పిల్లకి నువ్వే వెళ్ళి చెప్పు" అంది మేడమ్.

వెళ్ళాను. నాకంటే చిన్నదిలా ఉంది, చెప్పుల పట్టీ పిన్నీసుతో బిగించుకుంది. నేను వెళ్ళిపోయానని, కాలేజీ నిధిలో నా వాటా తనకి వస్తుందని చెప్పాను. వంగి ఆ పిన్నీసు సర్దుకుంది. తర్వాత లేచి నిలబడి చాలా మర్యాదగా అడిగింది, "అక్కా, మీరు మళ్ళీ రారు కదా?"

రానన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ రానన్నాను. అప్పుడు నవ్వింది.

మేడమ్ నా పేరు తీసేయించి, కాగితాల మీద నా ముందే సంతకాలు పెట్టింది. రెండో విడత వెనక్కి పంపుతున్నట్టు బోర్డుకి రాసింది. నా కొత్త కాలేజీ కౌంటర్ ఆయనకి తనే ఫోన్ చేసి, ఆయన గొంతు విని "ఎవరైనా పోయారా అండీ" అని కూడా అడిగింది. వచ్చేటప్పుడు బిస్కెట్ల డబ్బా నా ముందు పెట్టలేదు. అది మాత్రం కొంచెం బాధేసింది.

నువ్వు చెప్పావా? నిజం రాయి.

ఉడత


కుట్టు షాపు, ఆఖరిసారి

మా ఉడతకి,

గురువారం చెప్పలేదు. దెప్పుకో. శుక్రవారం కూడా చెప్పలేదు. శనివారం నీ ఉత్తరం వచ్చింది. ఆ బెంచీ మీద పిల్ల దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపి లేచి వెళ్ళి చెప్పేశాను.

నేను నీకు రాసిన అబద్ధంలో ఆయన కళ్ళు తుడుచుకున్నాడు కదా, అసలు దాంట్లో అలాంటిదేం జరగలేదు. కోపం వచ్చింది. ఈ షాపులో ఇన్నేళ్ళలో ఆయనకి కోపం రావడం నేను చూడలేదు. "వెళ్ళడం నీ ఇష్టం. కానీ ముందే చెప్పి ఉంటే ఆస్పత్రివాళ్ళ కొత్త ఆర్డరు ఒప్పుకునేవాడిని కాదు కదమ్మా, నిన్ను నమ్ముకునే కదా ఒప్పుకున్నాను" అన్నాడు. ఆయన మనసు నొప్పించకూడదని దాచి ఆయన పీక మీదికే తెచ్చాను.

ఆ పూటంతా ఎవరి మిషను వాళ్ళది. సాయంత్రం టీ తెచ్చి నా ముందు పెట్టి, "మీ అక్కకి ఒంట్లో ఎలా ఉంది" అన్నాడు. బాగానే ఉందండీ, ఎప్పుడూ బాగానే ఉంది అన్నాను. అప్పుడు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆస్పత్రి ఆర్డరు పూర్తయ్యేదాకా ఆదివారాలు వచ్చి కుట్టిపెడతానని మాటిచ్చాను, ఈసారి నాటక కంపెనీవాళ్ళకి కూడా చెప్పే మాటిచ్చాను. నా చోటులోకి షాపు ఎదురింటి కోడలు వస్తోంది. ఇన్నాళ్ళూ మా దగ్గర బొత్తాలు కుడుతూ మిషను ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తోందట, నేనే గమనించలేదు.

చక్రాల కుర్చీ తీసుకెళ్ళనా అని అడిగాను. "అదెలా కుదురుతుంది, ఆ అమ్మాయికీ నడుం ఉంటుంది కదా" అన్నాడు.

నీ డబ్బు సంగతి ఏమైంది? కాలేజీ నిధి లేని లోటు ఎలా పూడుతుంది? ఆ ఒక్కటీ తెలిస్తే నాకు నిద్ర పడుతుంది.

పిన్ని


కొత్త కాలేజీ, ప్లాస్టర్ గది

పిన్నికి,

నిద్రపో. సీటు నాదే.

నెలాఖరుకి ముందే బోర్డు నుంచి కబురు వచ్చింది, రెండో విడత ఇక్కడికి మళ్ళించారు. లోటు సంగతి అడిగితే కౌంటర్ ఆయన సొరుగు తెరిచాడు. నాకు ముందు ఈ సీటులో ఉన్న అబ్బాయి, వెళ్ళాలని తేల్చుకున్న రోజే వచ్చి చెప్పి, సంతకం పెట్టి వెళ్ళాడట. అందుకని కాలేజీ ఇచ్చే సాయంలో అతని మిగిలిన వాటా అలాగే ఉంది. "తాత్కాలికం వాళ్ళకి ఇవ్వడానికి లేదు తల్లీ, అందుకే ముందు పేరు సంగతి తేల్చుకోమన్నాను" అన్నాడు. అది మొత్తానికి సరిపోదు. మిగతాది వాయిదాల్లో కడతాను, సాయంత్రాలు ఈ ప్లాస్టర్ గదిలో అచ్చులు కడిగే పని ఇచ్చారు. చేతులు సున్నం కొట్టినట్టున్నాయి, కాగితం మీద ఆ మరకలు అవే. ఆ అబ్బాయి ఎవరో నాకు తెలియదు. ఎక్కడున్నా వాడి కడుపు చల్లగా ఉండాలి.

అమ్మకి నేనే ఫోన్ చేసి, నీ సంగతితో సహా, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. కాసేపు తిట్టింది. తర్వాత, పెద్దాయన తన సంచీ ఎందుకు లాక్కున్నాడో ఇప్పుడు అర్థమైందంది. నీ కోసం కాచుకుని కూర్చుంది, జాగ్రత్త.

ఇంకొకటి చెప్పాలి. తాత్కాలికంగా చేరినవాళ్ళ పేర్లు ఇక్కడ హాజరు పట్టీలో ఉండవు. రోజూ పొద్దున లెక్చరర్ మా వరుసలో ఒక్కొక్కరినీ పిలుచుకుంటూ వచ్చి, నా పక్క బల్ల అమ్మాయి దగ్గర ఆగి, నన్ను దాటి వెనక వరుసకి వెళ్ళిపోయేవాడు. ఇన్నాళ్ళూ ఆ ఒక్క క్షణం తల దించుకుని పెన్సిల్ చెక్కుకునేదాన్ని. ఇవాళ ఆయన ఆ అమ్మాయి తర్వాత కొంచెం ఆగి, కాగితం దగ్గరగా పెట్టుకుని చూసి, నా పేరు పిలిచాడు.

ఉన్నానండీ అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, ముందు వరుసవాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు.

ఉడత